పొట్టేలు ఎంపికలోనే మంద భవితవ్యం
నల్ల గొర్రెకు నెల్లూరు పొట్టేలు.. సంకరీకరణతో లాభమెంత? నష్టమెంత?

పోచారం (కామారెడ్డి జిల్లా): మంజీర ఉపనది అయిన ఆలేరుపై 1916-22 సంవత్సరాల మధ్య నిర్మించిన పోచారం జలాశయం ఒకవైపు పది వేల ఎకరాలకు పైగా ఆయకట్టుకు నీరందిస్తుండగా, మరోవైపు దానిని ఆనుకుని ఉన్న అడవి అంచు గ్రామాలు తరతరాలుగా జీవాల పెంపకానికి ఆలవాలమై ఉన్నాయి. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి, లింగంపేట మండలాల్లోని అనేక కురుమ, గొల్ల కుటుంబాలకు మందే ఆస్తి, మందే ఆపద్ధనం. పిల్ల పెళ్లి అయినా, ఆస్పత్రి ఖర్చు అయినా, బోరు వేయించుకోవడమైనా నాలుగు పొట్టేళ్లు అమ్మితేనే గట్టెక్కుతుంది.

తెలంగాణ అంతటా మాదిరిగానే ఈ ప్రాంతపు మందల్లోనూ గడిచిన మూడు, నాలుగు దశాబ్దాల్లో చెప్పుకోదగిన మార్పు చోటుచేసుకుంది. నల్లని ముతక ఉన్నితో కనిపించే దక్కని గొర్రె స్థానాన్ని పొడవైన కాళ్లు, నున్నని వెంట్రుకలు గల నెల్లూరు జాతి, దాని సంకర జాతులు క్రమంగా ఆక్రమించాయి. మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ పిల్లలు త్వరగా ఎదిగి బరువు తూగాలన్న కోరికతో పెంపకందారులు బయటి జాతుల పొట్టేళ్లను మందలోకి వదులుతున్నారు. అయితే ఏ జాతి గొర్రెకు ఏ జాతి పొట్టేలును కలపాలి, పుట్టిన సంకర పిల్లల్లో వేటిని అమ్మాలి, వేటిని ఉంచుకోవాలి అన్న విషయాల్లో స్పష్టత లేకపోవడం వల్ల కొన్ని మందల్లో లాభానికి బదులు నష్టమే మిగులుతోంది.

ఉన్ని నుంచి మాంసం వైపు

దక్కని పీఠభూమి పేరుతోనే పిలిచే దక్కని గొర్రె తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో విస్తరించిన జాతి. ఏడాదికి రెండుమార్లు కత్తిరించే దీని ఉన్నితోనే కురుమలు గొంగడి నేసేవారు. వానలో తడిసినా, చలిలో వణికినా కాపరికి రక్షణ గొంగడే. బీరప్ప, మల్లన్న దేవుళ్ల కొలువుల్లోనూ, ఒగ్గు కథల్లోనూ గొర్రెకు, గొంగడికి ప్రత్యేక స్థానం ఉంది. మిల్లు దుప్పట్లు చౌకగా దొరకడం మొదలైన తరువాత గొంగడికి ఆదరణ తగ్గింది. కత్తిరింపు కూలి కూడా రాని పరిస్థితుల్లో ఉన్ని భారమైంది. కాపరి ఆదాయమంతా పిల్లల అమ్మకం మీదనే ఆధారపడవలసి వచ్చింది.

సరిగ్గా ఈ దశలోనే కోస్తా జిల్లాల నుంచి నెల్లూరు పొట్టేళ్ల రాక పెరిగింది. దేశంలో అన్నింటికన్నా ఎత్తైన గొర్రె జాతిగా నెల్లూరుకు పేరుంది. ఇందులో తెల్లని పల్ల, తెల్లని ఒంటిపై ముఖాన నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రని దొర అనే మూడు రకాలున్నాయి. నిలువెత్తు ఆకారం, ఉన్ని లేని ఒళ్లు చూసి వ్యాపారులు వీటికి మంచి ధర కడతారు. కర్ణాటకకు చెందిన మండ్య (బన్నూరు) జాతి పొట్టిగా, గుండ్రంగా ఉండి మాంసం నాణ్యతకు ప్రసిద్ధి చెందినప్పటికీ మేలైన పొట్టేళ్లు దొరకడం కష్టం.

2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకం ఈ మార్పును మరింత వేగవంతం చేసింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు గల యూనిట్‌ను తొలుత రూ.1.25 లక్షల వ్యయంతో, 75 శాతం రాయితీపై అందజేశారు. లబ్ధిదారు వాటా రూ.31,250. తరువాతి విడతలో యూనిట్ ధరను రూ.1.75 లక్షలకు, లబ్ధిదారు వాటాను రూ.43,750కి పెంచారు. పొరుగు రాష్ట్రాల నుంచి కొనుగోలు చేసిన జీవాలు రావడంతో ఒకే మందలో పలు జాతులు కలిసిపోయాయి. 2019 పశుగణనలో సుమారు 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలో నిలిచింది. 2012 గణనలో ఈ సంఖ్య సుమారు 1.28 కోట్లు మాత్రమే. సంఖ్య పెరిగినా, ఒక్కో గొర్రె నుంచి వచ్చే ఆదాయాన్ని పెంచడమెలా అన్నదే ఇప్పుడు పెంపకందారుల ముందున్న ప్రశ్న.

సంకర తేజం అంటే..

రెండు వేర్వేరు జాతులను కలిపినప్పుడు పుట్టే తొలి తరం పిల్లలు తల్లిదండ్రుల సగటు కన్నా చురుకుగా, ఆరోగ్యంగా ఎదగడాన్ని సంకర తేజం అంటారు. పిల్ల బతికి బట్టకట్టడం, త్వరగా ఎదగడం, ఆడ పిల్లలైతే సకాలంలో ఎదకు రావడం వంటి లక్షణాల్లో ఇది కనిపిస్తుంది. దీనికి తోడు రెండు జాతుల మంచి గుణాలు ఒకదానికొకటి అక్కరకు వస్తాయి. స్థానిక వాతావరణానికి, ఎండుగడ్డికి, దూరపు నడకకు అలవాటు పడిన తల్లి ఒకవైపు, వేగంగా ఎదిగే గుణం గల తండ్రి మరోవైపు ఉంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మాంసం చేతికి వస్తుంది.

అయితే ఈ తేజం తొలి తరంలోనే సంపూర్ణంగా ఉంటుంది. సంకర గొర్రెకు సంకర పొట్టేలునే కలిపితే తరువాతి తరంలో అది దాదాపు సగానికి పడిపోతుంది. పిల్లలు కూడా ఒక్కోటి ఒక్కో తీరుగా పుడతాయి. సంతలో కొన్న, జాతి తెలియని సంకర పొట్టేలును విత్తనానికి వదిలిన మందల్లో ఈతకొక రకం పిల్లలు పుట్టడానికి ఇదే కారణం.

నాలుగు తరాల లెక్క

నల్ల గొర్రెల మందలో నెల్లూరు పొట్టేలును వదిలితే తొలి తరం పిల్లల్లో నెల్లూరు రక్తం 50 శాతం ఉంటుంది. ఆ ఆడ పిల్లలను ఉంచుకుని, వాటికి మళ్లీ నెల్లూరు పొట్టేలునే కలిపితే రెండో తరంలో 75, మూడో తరంలో 87.5, నాలుగో తరంలో 93.75 శాతానికి చేరుతుంది. గొర్రె రెండేళ్ల వయసుకు తొలి ఈత ఈనుతుందనుకుంటే ఎనిమిది, పదేళ్లలో మంద మొత్తం మారిపోతుంది. ఒక్క నల్ల గొర్రెనూ అమ్మకుండానే నల్ల గొర్రెలు మాయమవుతాయి. అప్పటికి సంకర తేజం కూడా మిగలదు. మిగిలేది దాదాపు నెల్లూరు మందే.

కోస్తాలోని మైదానాల్లో, కాల్వ గట్ల పచ్చికపై ఎదిగిన జాతి అక్కడ చూపిన ఫలితాలనే ఇక్కడి చెలకల్లో, రాతి గుట్టల్లో చూపుతుందన్న హామీ లేదు. దక్కని గొర్రెకు మెట్ట కరవును తట్టుకునే శక్తి, చలిని కాచే ఉన్ని, దూరం నడిచే ఓపిక ఉన్నాయని అనుభవజ్ఞులైన కాపరులు చెబుతుంటారు. వేసవిలో మేత కోసం నెలల తరబడి వలస వెళ్లే మందలకు ఈ గుణాలు ప్రాణాధారం. మందను పొలంలో కట్టించుకుని ఎరువు కోసం రైతులిచ్చే ధాన్యం, నగదు కూడా నడవగలిగిన మందకే దక్కుతాయి.

పలమనేరు నేర్పిన పాఠం

విదేశీ జాతులతో సంకరీకరణ తెలుగు నేలకు కొత్త కాదు. 1970 దశకంలో అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద చిత్తూరు జిల్లా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో నెల్లూరు, మండ్య గొర్రెలకు ఇంగ్లండుకు చెందిన డార్సెట్, సఫోక్ జాతులను కలిపి చూశారు. మాంసం దిగుబడి పెంచడమే దీని లక్ష్యం. పెరుగుదలలో వచ్చిన మేలు ఆశించినంతగా లేకపోవడంతో శాస్త్రవేత్తలు పంథా మార్చారు. 1990 ఏప్రిల్‌లో గొర్రెల అభివృద్ధి నెట్‌వర్క్ పథకం పేరుతో దేశవాళీ జాతులనే ఎంపిక పద్ధతిలో మెరుగుపరిచే కార్యక్రమం మొదలైంది. నెల్లూరు జాతికి పలమనేరు, దక్కని జాతికి మహారాష్ట్రలోని రాహురి కేంద్రాలయ్యాయి. మందలో వేగంగా ఎదిగిన పిల్లలను తూకం వేసి గుర్తించి, వాటిలో మేలైన పొట్టేళ్లను తిరిగి విత్తనానికి వాడడం ఈ పద్ధతిలోని కీలకాంశం. తూకం త్రాసు, పుస్తకం ఉంటే గ్రామంలోని పెంపకందారు కూడా దీనిని పాటించవచ్చు.

విదేశీ జాతులతో మరొక చిక్కు వ్యాధులు. దోమ కన్నా చిన్నదైన ఒక రకపు ఈగ కాటు ద్వారా వ్యాపించే నీలి నాలుక వ్యాధి దక్షిణాది రాష్ట్రాల్లో వానాకాలంలోనూ, ఆ వెంటనే చలికాలంలోనూ విరుచుకుపడుతుంది. జ్వరం, మూతి వాపు, నోటిలో పుండ్లు, కుంటుడు దీని లక్షణాలు. విదేశీ జాతులు, వాటి సంకరాలు దీనికి త్వరగా లోనవుతాయి.

ఈతకు రెండు పిల్లలు

పిల్ల బరువు పెంచడం ఒక మార్గమైతే, ఈతకు పుట్టే పిల్లల సంఖ్యను పెంచడం మరో మార్గం. దక్కని గొర్రె సాధారణంగా ఈతకు ఒకే పిల్లను ఇస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని సుందరవనాల్లో ఉండే గరోల్ అనే చిన్న గొర్రె మాత్రం రెండు, మూడు పిల్లలను ఈనుతుంది. దీనికి ఎఫ్ఈసీబీ అనే జన్యువు కారణం. ఆస్ట్రేలియాలోని బూరూలా మెరినో గొర్రెల్లో ఇదే జన్యువు ఉన్నట్లు తేలింది. 1790 దశకం తొలినాళ్లలో బెంగాల్ నుంచి ఓడలో వెళ్లిన గొర్రెల ద్వారానే అది అక్కడికి చేరి ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ జన్యువులోని మార్పును 2001లో కచ్చితంగా గుర్తించారు.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ జన్యువును దక్కని గొర్రెలోకి తెచ్చింది. గరోల్ గొర్రె చాలా చిన్నది కనుక నేరుగా సంకరం చేస్తే పిల్లల బరువు తగ్గుతుంది. అందుకే తొలి సంకరం తరువాత మళ్లీ మళ్లీ దక్కని జాతినే కలుపుతూ, ప్రతి తరంలోనూ రక్త పరీక్షతో జన్యువు ఉన్న వాటినే ఎంచుకుంటూ వచ్చారు. చివరకు ఆకారంలో దక్కని, ఈతలో కవలలనిచ్చే రకం సిద్ధమైంది. దానికి నారి సువర్ణ అని పేరు పెట్టారు. జన్యువు ఒక ప్రతి ఉన్న గొర్రెల్లో వంద ఈతలకు వంద పిల్లల స్థానంలో సుమారు 140 నుంచి 150 పిల్లలు పుడతాయి. రెండు ప్రతులు ఉన్న గొర్రెలకు మూడేసి పిల్లలు కూడా పుట్టే అవకాశమున్నందున పాలు చాలక పిల్లలు చనిపోయే ప్రమాదం ఉంది.

రాజస్థాన్‌లోని అవికానగర్‌లో గల కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కూడా గరోల్, మాల్పురా, పాటన్‌వాడీ జాతులతో అవిశాన్ అనే మూడు జాతుల సంకరాన్ని రూపొందించింది. ఇందులో గరోల్ రక్తం 12.5 శాతం మాత్రమే. కవలలు పుట్టే గుణాన్ని తీసుకుని, చిన్న ఆకారాన్ని వదిలించుకోవడమే దీని వెనుక ఉన్న ఉపాయం.

అయితే కవలల గొర్రె తిండి ఎక్కువగా కోరుతుంది. చూడి చివరి ఆరు వారాల్లోనూ, ఈనిన తరువాత రెండు నెలల పాటూ దాణా పెట్టలేని మందలో కవలలు పుడితే రెండూ బలహీనంగానే ఉంటాయి. కేవలం ఎండు మేతపై ఆధారపడే మందలకు ఒక్క బలమైన పిల్లే మేలు.

చిన్న లెక్క.. పెద్ద తేడా

సంకరీకరణ లాభనష్టాలను ఒక ఊహాత్మక లెక్కతో అర్థం చేసుకోవచ్చు. 30 గొర్రెల మందలో 27 పిల్లలు పుట్టి, 2 చనిపోయి, మిగిలిన 25 పిల్లలు అమ్మే వయసుకు 20 కిలోల చొప్పున తూగితే మొత్తం 500 కిలోలు. సంకర పిల్లలు అదే వయసుకు 22 కిలోలు తూగి, అంతే సంఖ్యలో బతికితే 550 కిలోలు. అంటే 50 కిలోల లాభం. కానీ సంకర పిల్లల్లో 5 చనిపోతే మిగిలే 22 పిల్లల బరువు 484 కిలోలే. పొట్టేలు కొన్న ఖర్చు కలపకుండానే 16 కిలోల నష్టం. అదనంగా చనిపోయిన మూడు పిల్లలు సంకరీకరణ లాభం మొత్తాన్ని మింగేశాయన్న మాట. పిల్లల మరణాలు అరికట్టలేని మందలో ఎంత మేలుజాతి పొట్టేలును తెచ్చినా ప్రయోజనం లేదని ఈ లెక్క చెబుతోంది.

బ్రిటన్ రైతులు చేసేదేమిటి?

గొర్రెల సంకరీకరణను శాస్త్రీయంగా పాటించే దేశాల్లో బ్రిటన్ ముందుంటుంది. అక్కడ చలిగాలుల కొండలపై స్వేల్‌డేల్ వంటి మొరటు జాతులను శుద్ధంగా పెంచుతారు. వయసు పైబడిన కొండ గొర్రెలను దిగువ ప్రాంతాల రైతులు కొని బ్లూఫేస్డ్ లీసెస్టర్ పొట్టేలుతో కలుపుతారు. వాటికి పుట్టిన మ్యూల్ అనే సంకర గొర్రెలు పాలలో, కవలల్లో మేటి. వీటికి మైదానాల్లో టెక్సెల్, సఫోక్ పొట్టేళ్లను కలిపి, పుట్టిన పిల్లలన్నింటినీ మాంసానికి అమ్మివేస్తారు. మూడు అంచెల ఈ వ్యవస్థ మొత్తం కొండ గొర్రె మీదనే ఆధారపడి ఉంది. అది అంతరిస్తే కింది రెండు అంచెలు నిలవవు. తెలంగాణలో ఆ కొండ గొర్రె స్థానం దక్కని గొర్రెది.

30 గొర్రెల మందకు అనువైన పద్ధతి

ఇదే సూత్రాన్ని చిన్న మందకూ అన్వయించుకోవచ్చు. మందలో మేలైన 18 గొర్రెలను ఎంచి దక్కని పొట్టేలుతో కలపాలి. వీటికి సుమారు 16 పిల్లలు పుడితే అందులో సగం ఆడవి. వాటిలో ఆరు, ఏడు నిలిచినా ఏటా తీసివేసే ముసలి గొర్రెల స్థానం భర్తీ అవుతుంది. మిగిలిన 12 గొర్రెలకు నెల్లూరు పొట్టేలును కలిపి, పుట్టిన సంకర పిల్లలను ఆడ, మగ తేడా లేకుండా అమ్మివేయాలి. సంకర ఆడ పిల్ల ఎంత బాగున్నా మందలో ఉంచుకోకపోవడమే ఇందులో ప్రధాన నియమం. కాపరికి అన్నింటికన్నా కష్టమైన నియమం కూడా ఇదే.

రెండు పొట్టేళ్లను విడివిడిగా ఉంచడం ఒకే కుటుంబానికి భారమైతే ఇద్దరు, ముగ్గురు పెంపకందారులు కలిసి ఒకరు దక్కని పొట్టేలును, మరొకరు నెల్లూరు పొట్టేలును ఉంచుకుని దాటింపు కాలంలో గొర్రెలను మార్చుకోవచ్చు. గ్రామాల్లోని గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు ఈ బాధ్యత తీసుకుంటే ఖర్చు కలిసివస్తుంది. పశువుల్లో మాదిరిగా గొర్రెల్లో ఘనీభవించిన వీర్యంతో కృత్రిమ గర్భధారణ సులువు కాదు. గర్భాశయ ముఖద్వారం వంకరలు తిరిగి ఉండడమే ఇందుకు కారణం. కనుక పల్లెల్లో మంచి పొట్టేలే ఆధారం.

పొట్టేలును కొనేటప్పుడు

విత్తన పొట్టేలుకు ఏడాదిన్నర వయసు నిండి ఉండాలి. రెండు శాశ్వత పళ్లు వచ్చి ఉండడం దీనికి గుర్తు. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. కాళ్లు నిటారుగా, గిట్టలు ఆరోగ్యంగా, ఛాతీ వెడల్పుగా ఉండాలి. వీలైతే తల్లిని కూడా చూడాలి. 25 నుంచి 30 గొర్రెలకు ఒక పొట్టేలు సరిపోతుంది. తన కూతుళ్లనే దాటకుండా రెండేళ్లకొకసారి పొట్టేలును మార్చాలి. లేనిపక్షంలో రక్తసంబంధం వల్ల బలహీనమైన పిల్లలు పుడతాయి. కొత్తగా తెచ్చిన పొట్టేలును మూడు వారాల పాటు మందకు దూరంగా ఉంచి, నట్టల మందు తాగించి, టీకాలు వేయించిన తరువాతే కలపాలి. నెల్లూరు పొట్టేలు మందలోని మిగిలిన గొర్రెలను దాటకుండా విడిగా మేపడమో, పొట్ట కింద గుడ్డ కట్టడమో చేయాలి.

గొర్రె 17 రోజులకొకసారి ఎదకు వస్తుంది. చూడి కాలం సుమారు ఐదు నెలలు. దాటింపుకు రెండు, మూడు వారాల ముందు నుంచి రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా ఇస్తే ఎక్కువ గొర్రెలు ఒకేసారి ఎదకు వస్తాయి. దాటింపును 35 రోజులకు పరిమితం చేస్తే ఈతలన్నీ దగ్గరదగ్గరగా వచ్చి, పిల్లలను ఒకే తూకంలో అమ్ముకునే వీలుంటుంది.

అడవి అంచున అదనపు జాగ్రత్త

పోచారం అభయారణ్యం పరిసర గ్రామాల పెంపకందారులకు టీకాలు కేవలం మంచి అలవాటు మాత్రమే కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 33ఏ సెక్షన్ ప్రకారం అభయారణ్యం లోపల, దాని నుంచి ఐదు కిలోమీటర్ల పరిధిలో ఉన్న పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించే చర్యలు తీసుకోవాలి. టీకా వేయించని జీవాలను అభయారణ్యంలోకి మేతకు తోలడాన్ని చట్టం నిషేధిస్తోంది. మంద నుంచి జింకలకు, జింకల నుంచి మందకు రోగాలు పాకకుండా ఉండడం దీని ఉద్దేశం.

పారుడు రోగంగా పిలిచే పీపీఆర్‌ను 2030 నాటికి ప్రపంచం నుంచి నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. దీనికి ఒకసారి వేసిన టీకా సుమారు మూడేళ్లు పనిచేస్తుంది. చిటుకు రోగం, నీలి నాలుక టీకాలను వానలకు ముందే వేయించాలి. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తిన వర్షాల వంటివి వచ్చినప్పుడు తడి నేలపై గిట్టలు మెత్తబడి కుంటుడు, చెరువు గట్ల మేతతో జలగ వ్యాధి పెరుగుతాయి. మందను మెరక ప్రాంతానికి తరలించడం, పశువైద్యుల సలహాతో నట్టల మందు తాగించడం తప్పనిసరి.

ఇవి మరవవద్దు

* పుట్టిన రెండు గంటల్లోగా పిల్లకు ముర్రుపాలు తాగించాలి. బొడ్డుకు అయోడిన్ పూయాలి.
* పిల్లల బరువును పుట్టినప్పుడు, మూడు నెలలకు, ఆరు నెలలకు తూచి పుస్తకంలో రాయాలి. ఏ పొట్టేలు పిల్లలు ఎలా ఎదుగుతున్నాయో అప్పుడే తెలుస్తుంది.
* సంకర పొట్టేలును విత్తనానికి వాడరాదు. మాంసానికే అమ్మాలి.
* మందలోని మేలైన నల్ల గొర్రెలను సంతకు తోలరాదు. ఒకసారి పోతే మళ్లీ అలాంటివి దొరకడం కష్టం.
* పొలాల గట్లపై అవిసె, సుబాబుల్ పెంచుకుంటే వేసవిలో పచ్చి మేత కొరత తీరుతుంది. తుమ్మకాయలు, వేరుశనగ కట్టె నిల్వ చేసుకోవాలి.
* 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్ కింద వంద గొర్రెలు, ఐదు పొట్టేళ్ల యూనిట్ మొదలుకొని 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్ వరకు 50 శాతం రాయితీకి అవకాశం కల్పించారు. గరిష్ఠ రాయితీని యూనిట్ పరిమాణాన్ని బట్టి రూ.10 లక్షల నుంచి రూ.50 లక్షల వరకు నిర్ణయించారు. వర్తించే నిబంధనలను దరఖాస్తుకు ముందు మండల పశువైద్యశాలలో తెలుసుకోవాలి.